రంగులతో రోగాన్ని వెతికిన పాల్ ఎర్లిక్

మన వసతి గృహంలో చదువుకొని బయటికి వెళ్ళిన అన్నలు, అక్కలు ఎందరో ఈ రోజు ప్రయోగశాలల్లో పనిచేస్తున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కఫం పరీక్షలు చేసేవారు, ఆసుపత్రుల్లో రక్తపరీక్షలు చేసేవారు, మందుల కంపెనీల్లో, పరిశోధన సంస్థల్లో ఉద్యోగాలు చేసేవారు మనలో ఉన్నారు. ఇంటర్‌లో బైపీసీ తీసుకొని డిగ్రీలో మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇంకా ఎక్కువమంది. వీరందరికీ నిత్యం ఎదురయ్యే పని ఒకటుంది. గాజు పలక మీద కణాలను పల్చగా పరిచి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూడడం. ఈ పనిని చేతివాటం స్థాయి నుంచి శాస్త్రం స్థాయికి తెచ్చిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు పాల్ ఎర్లిక్. రంగు ఎంత మేలు చేస్తుందో, దానితో ఎంత జాగ్రత్తగా మెలగాలో ఆయన జీవితం చదివితే రెండూ తెలుస్తాయి. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు మేము ఆయన జీవితాన్ని ఎంచుకున్నాము.

బాల్యం, చదువు

పాల్ ఎర్లిక్ 1854 మార్చి 14న ప్రష్యాలోని స్ట్రేలెన్ అనే చిన్న పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు పోలెండ్ దేశంలో ఉంది. తండ్రి ఇస్మార్ ఎర్లిక్ సత్రం నడిపేవారు, మద్యం తయారుచేసేవారు. తల్లి పేరు రోసా వైగెర్ట్. ఆమె వైపు బంధువైన కార్ల్ వైగెర్ట్ పాల్ కన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. సూక్ష్మజీవులకు రంగు వేసి చూపించిన తొలి వైద్యుల్లో ఆయన ఒకరు. రంగుల మీద ఆసక్తి పాల్‌కు ఆయన దగ్గరే కలిగింది.

అప్పటికి రంగుల ప్రపంచంలో పెద్ద మార్పు వచ్చింది. 1856లో విలియం పెర్కిన్ అనే ఇంగ్లీషు యువకుడు తారు నుంచి వచ్చే అనిలిన్‌తో ఊదారంగు తయారుచేశాడు. ఆ తర్వాత ఎరుపు, నీలం, పసుపు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. బట్టలకు వేసే ఈ రంగులను ఎర్లిక్ కణాలకు వేసి చూడసాగారు.

ఆయన బ్రెస్లౌ, స్ట్రాస్‌బర్గ్, ఫ్రైబర్గ్, లైప్‌జిగ్ నగరాల్లో వైద్యవిద్య చదివారు. మామూలు లెక్కలో మంచి విద్యార్థి కాదు. పాఠం కంటే పరీక్షనాళికలే ఎక్కువ ఇష్టం. ఆయన కూర్చున్న బల్ల నిండా రంగు మరకలు ఉండేవట. ఈ కుర్రవాడు రంగులు బాగా వేస్తాడు గాని పరీక్షలు మాత్రం గట్టెక్కడని ఒక ఉపాధ్యాయుడు అతిథిగా వచ్చిన రాబర్ట్ కోక్‌తో అన్నట్టు చెబుతారు. అయినా 1878లో ఎర్లిక్ డాక్టరు పట్టా పొందారు. సిద్ధాంత గ్రంథం కూడా కణజాలాలకు రంగు వేయడం గురించే. మాస్ట్ కణాలు అని మనం నేడు చదివే కణాలను ఆ కాలంలోనే ఆయన గుర్తించి పేరు పెట్టారు.

ఆయన్ను వెంటాడిన ప్రశ్న ఒక్కటే. ఒక రంగు ఒక కణానికే, అందులోనూ ఒక భాగానికే ఎందుకు అంటుకుంటుంది? పక్కనే ఉన్న దానిని ఎందుకు వదిలేస్తుంది? రంగు అణువుకూ కణంలోని పదార్థానికీ రసాయన బంధుత్వం ఉండాలి, అంటుకుంటేనే ఏ పదార్థమైనా పనిచేస్తుంది అన్నది ఆయన తేల్చుకున్న విషయం. జీవితాంతం చేసిన పరిశోధనలన్నీ ఈ వేరు నుంచి మొలిచిన కొమ్మలే.

పొయ్యి మీద స్లయిడ్లు

బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో ఎర్లిక్ రక్తకణాల మీద పనిచేశారు. తెల్లరక్తకణాలు అన్నీ ఒకటి కావని, ఆమ్లపు రంగు పట్టేవి, క్షారపు రంగు పట్టేవి, తటస్థపు రంగు పట్టేవి వేరువేరని చూపించారు. ఇసినోఫిల్, బేసోఫిల్, న్యూట్రోఫిల్ అని మనం రక్తపరీక్ష రిపోర్టులో చదివే విభజన ఇక్కడి నుంచే వచ్చింది. 1882లో ఫ్లోరసీన్ అనే మెరిసే రంగును జంతువులలోకి ఎక్కించి, కంటిలోని ద్రవం ఎలా కదులుతుందో గమనించారు. వెలుగు పడితే తానూ వెలిగే రంగును ప్రాణి శరీరంలో దారి చూపడానికి వాడిన తొలి ప్రయోగాల్లో అది ఒకటి. 1886లో ఆయన చెప్పిన హెమటాక్సిలిన్ ద్రావణం కణకేంద్రకాన్ని నీలి ఊదారంగులో చూపిస్తుంది. ఆ ద్రావణం నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

1882 మార్చి 24న బెర్లిన్‌లో కోక్ క్షయవ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని ప్రకటించిన సభలో ఎర్లిక్ ఉన్నారు. తిరిగి వచ్చి వెంటనే ఆ జీవికి ఇంకా బాగా రంగు పట్టించే పద్ధతి వెతకడం మొదలుపెట్టారు. రాత్రి ఆరబెట్టడానికి స్లయిడ్లను చల్లారిన పొయ్యి మీద పెట్టి వెళ్ళారట. తెల్లవారి ఊడ్చడానికి వచ్చిన పనిమనిషి వాటిని గమనించక పొయ్యి రాజేసిందట. ఎర్లిక్ వచ్చి చూసేసరికి, వేడి తగిలిన స్లయిడ్ల మీద క్షయ క్రిములు స్పష్టంగా రంగు పట్టి కనిపించాయని చెబుతారు. ఈ పద్ధతినే తర్వాత జీల్, నీల్సన్ అనే ఇద్దరు మెరుగుపరిచారు. మన ఆరోగ్య కేంద్రాల్లో ఏళ్ళ తరబడి జరిగిన కఫం పరీక్ష అదే.

ఈ కథను అందరూ అదృష్టం అని చెప్పి వదిలేస్తారు. మేము చదివినప్పుడు మా దృష్టి ఆ పనిమనిషి మీదికి పోయింది. ఆమె పేరు ఎక్కడా కనిపించదు. ఆ గాజు పలకల మీద ఏముందో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ఈ మాట చివర మళ్ళీ చెప్పుకుందాము.

తన కఫంలో తానే చూసుకున్న రోజు

కొన్నేళ్ళ తర్వాత ఎర్లిక్‌కు దగ్గు పట్టుకుంది. తాను కనిపెట్టిన రంగుతోనే తన కఫాన్ని పరీక్షించుకుంటే అందులో క్షయ క్రిములు కనిపించాయి. ప్రయోగశాలలోనే సోకి ఉంటుందని భావిస్తారు. 1888లో భార్య హెడ్విగ్‌తో కలిసి పొడి వాతావరణం కోసం ఈజిప్టు వెళ్ళారు. 1889లో కోలుకొని తిరిగి వచ్చారు. అప్పటికి చేతిలో ఉద్యోగం లేదు. బెర్లిన్ శివారులో సొంతంగా చిన్న ప్రయోగశాల పెట్టుకున్నారు. ఆ తర్వాత కోక్ తన సంస్థలోకి పిలిచారు.

యూదుడు కావడం వల్ల విశ్వవిద్యాలయాల్లో పూర్తి ఆచార్య పదవి ఆయనకు చాలాకాలం అందలేదు. నోబెల్ బహుమతి వచ్చిన ఆరేళ్ళకు, 1914లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్త విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు గాని అది దక్కలేదు. పుట్టుకను బట్టి తలుపులు మూసుకోవడం అంటే ఏమిటో మన పాఠకులకు వివరించనక్కరలేదు.

కొలత నేర్పిన మనిషి

1890ల్లో ఎమిల్ బేరింగ్ కనుగొన్న డిఫ్తీరియా సీరం పిల్లల ప్రాణాలు కాపాడుతోంది. కానీ ఒక సీసాలోని మందు బలంగా ఉంటే ఇంకో సీసాలోది బలహీనంగా ఉండేది. ఎంత ఇవ్వాలో తెలిసేది కాదు. ఎర్లిక్ దానికి ఒక ప్రమాణం ఏర్పరిచారు. ఎండబెట్టిన సీరాన్ని గాలి తగలకుండా భద్రపరిచి, మిగతా వాటినన్నిటినీ దానితో పోల్చి కొలిచే పద్ధతి 1897లో ప్రకటించారు. మందుకు కొలత ముఖ్యం అన్న విషయాన్ని ఆయన అంకెలతో నిలబెట్టారు.

1899లో ఆయన సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్‌కు మారింది. ఆ నగరం పక్కనే హెక్స్ట్ అనే చోట పెద్ద రంగుల ఫ్యాక్టరీ ఉంది. ఆ ప్రాంతంలో రంగుల పరిశ్రమ ఎందరికో అన్నం పెట్టింది. అదే పరిశ్రమ కొందరి ప్రాణం తీసింది. 1895లోనే లుడ్విగ్ రేన్ అనే ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు, ఫుక్సిన్ రంగు తయారుచేసే కార్మికులకు మూత్రాశయంలో గడ్డలు వస్తున్నాయని ప్రకటించారు. రంగుల తయారీలో వాడే కొన్ని అమీన్ పదార్థాలు క్యాన్సర్ తెస్తాయని తర్వాతి కాలంలో రుజువైంది. రంగు అందంగా ఉన్నంత మాత్రాన అమాయకమైనది కాదని మొదట తెలుసుకున్నది ఆ కార్మికుల శరీరాలే.

606

రంగు ఒక క్రిమికే అంటుకోగలిగితే, విషాన్ని కూడా ఆ క్రిమికే అంటించవచ్చు కదా అని ఎర్లిక్ ఆలోచించారు. 1891లో మిథిలీన్ బ్లూ రంగును మలేరియా రోగులకు ఇచ్చి చూశారు. 1904లో జపాన్ శాస్త్రవేత్త కియోషి షిగాతో కలిసి ట్రిపనోసోమ్ క్రిముల మీద ట్రైపాన్ రెడ్ అనే రంగును ప్రయోగించారు. ఆ తర్వాత ఆర్సెనిక్ పదార్థాల వైపు తిరిగారు. అటాక్సిల్ అనే మందు క్రిములను చంపుతోంది గాని కొందరు రోగుల కంటిచూపు పోగొడుతోంది. క్రిమికి అంటుకోవాలి, మనిషిని వదిలేయాలి. ఆ పదార్థం కోసం ఆయన బృందం వందల సమ్మేళనాలు చేసి పరీక్షించింది. రసాయనాలు తయారుచేసిన బృందంలో ముఖ్యుడు ఆల్ఫ్రెడ్ బెర్ట్‌హైమ్.

606వ నంబరు పదార్థం 1907లోనే తయారైనా పనికిరాదని పక్కన పెట్టారు. 1909లో జపాన్ నుంచి వచ్చిన సహచిరో హాటా దానిని ఓపికగా మళ్ళీ పరీక్షిస్తే, సిఫిలిస్ వ్యాధిమీద అద్భుతంగా పనిచేసింది. 1910లో సాల్వర్సాన్ పేరుతో హెక్స్ట్ కంపెనీ దాన్ని విడుదల చేసింది. అంతకుముందే 1908లో రోగనిరోధక శక్తి మీద చేసిన కృషికి ఎర్లిక్‌కు మెచ్నికాఫ్‌తో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది.

సాల్వర్సాన్‌ను వాడడం తేలిక కాదు. గాలి తగిలితే విషంగా మారుతుంది గనుక గాలి లేని గాజు ఆంప్యూల్‌లో మూసి పంపేవారు. శుద్ధమైన నీటిలో కలపాలి, సరైన మోతాదు ఇవ్వాలి. ఎక్కడ పొరపాటు జరిగినా రోగికి ప్రమాదమే. ఎర్లిక్ వైద్యులకు వివరమైన సూచనలు పంపి, వచ్చిన దుష్ఫలితాల సమాచారాన్ని సేకరిస్తూ ఉండేవారు. 1912లో కొంత తేలికగా వాడగల నియోసాల్వర్సాన్ తెచ్చారు. విమర్శలు, కోర్టు వ్యవహారాలు ఆయన ఆరోగ్యాన్ని కుంగదీశాయి. రోజంతా చుట్టలు కాల్చే అలవాటు కూడా ఉండేది. 1915 ఆగస్టు 20న బాడ్ హోంబర్గ్‌లో కన్నుమూశారు. 1938లో నాజీలు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఒక వీధికి ఉన్న ఆయన పేరును తీసేశారు. యుద్ధం ముగిశాక ఆ పేరు తిరిగి వచ్చింది. యూరో వచ్చేవరకు జర్మనీ 200 మార్కుల నోటు మీద ఆయన బొమ్మ ఉండేది.

వెలిగే కేంద్రకం

ఎర్లిక్ ఆలోచన ఆయనతో ఆగిపోలేదు. 1912లో ఆయన ప్రయోగాలకు తీసుకున్న ఆక్రిఫ్లేవిన్ అనే పసుపు రంగు డీఎన్ఏకు అంటుకొని వెలుగుతుందని తర్వాత తెలిసింది. 1971లో జర్మనీలో ఒట్టో డాన్ ప్రయోగశాల ట్రిపనోసోమ్ వ్యాధికి మందు వెతుకుతూ డాపి అనే పదార్థాన్ని తయారుచేసింది. మందుగా అది పనికిరాలేదు. కానీ డీఎన్ఏకు గట్టిగా అంటుకొని, అతినీలలోహిత కిరణాలు పడగానే నీలంగా వెలుగుతుందని తేలింది. హెక్స్ట్ 33258, హెక్స్ట్ 33342 అనే రంగులు కూడా అలాంటివే. సాల్వర్సాన్ తయారుచేసిన కంపెనీ పేరే వాటికి ఉంది. 1999లో ఆ కంపెనీ వేరే కంపెనీతో కలిసిపోయినా రంగు సీసాల మీద ఆ పేరు మిగిలింది.

ఇప్పుడు అసలు విషయం. ఈ రంగులు మనకు ఎందుకు ఉపయోగపడుతున్నాయి? డీఎన్ఏకు అంటుకుంటాయి గనుక. వాటితో ఎందుకు జాగ్రత్తగా ఉండాలి? అదే కారణం. స్లయిడ్ మీది కణంలో డీఎన్ఏ ఉన్నట్టే మన చేతి కణాల్లోనూ ఉంది. రంగుకు మన తన భేదం లేదు. అందువల్ల డాపి, హెక్స్ట్, ప్రొపీడియం అయొడైడ్, ఇథీడియం బ్రోమైడ్ వంటివాటిని జన్యువులకు హాని చేయగలవిగా భావించి వాడడమే పద్ధతి. భయపడి దూరంగా ఉండనక్కరలేదు, తేలిగ్గానూ తీసుకోకూడదు.

మొదటి జాగ్రత్త పొడి దగ్గర. తూచేటప్పుడు లేచే దుమ్ము ముక్కులోకి పోతుంది. వీలైతే తయారు ద్రావణమే కొనడం మంచిది. పొడి కొంటే, తూచకుండా సీసాలోనే నీరు పోసి కరిగించాలి. డాపిని ముందు శుద్ధజలంలో కరిగించి, ఆ తర్వాతే బఫర్‌లో పలుచన చేయాలి. ఎర్లిక్ చెప్పిన కొలత పాఠం ఇక్కడ వర్తిస్తుంది. మామూలుగా మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము చాలు. అంటే ఒక్క మిల్లీగ్రాము పొడితో లీటరు ద్రావణం అవుతుంది. ఎక్కువ వేస్తే కేంద్రకం బాగా కనిపించదు, చుట్టూ మసక పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. డీఎంఎస్ఓలో కరిగించిన రంగు అయితే మరింత జాగ్రత్త అవసరం, ఆ ద్రవం చర్మంగుండా పదార్థాలను లోపలికి తీసుకుపోతుంది. నోటితో పిపెట్ పీల్చడం ఏ రంగుకైనా, ఏ నమూనాకైనా పనికిరాదు.

రెండవది మౌంటింగ్ మీడియం. కవర్ స్లిప్ కింద వేసే ఆ చుక్క వట్టి జిగురు అనుకుంటారు చాలామంది. ఈ రోజుల్లో చాలా మీడియాలలో డాపి ముందే కలిపి వస్తోంది. అంచు దాటి బయటికి వచ్చిన చుక్కను వేలితో తుడిస్తే రంగును తాకినట్టే. వెలుగు త్వరగా ఆరిపోకుండా వేసే పారాఫినిలిన్ డైఅమీన్ జుట్టు నలుపు చేసే రంగుల్లో వాడే పదార్థమే. అది చర్మానికి తీవ్రమైన అలర్జీ తేగలదు. పాతబడితే గోధుమరంగుకు తిరుగుతుంది, అప్పుడు పారేయాలి. డీపీఎక్స్ వంటి మీడియాలలో జైలీన్ ఉంటుంది. దానికి మంటా అంటుకుంటుంది, ఆవిరి తలకూ ఎక్కుతుంది. ఫ్యూమ్ హుడ్ కిందే వాడాలి. పల్చటి నైట్రైల్ గ్లౌజులు నీటిలోని రంగును ఆపుతాయి గాని జైలీన్‌ను ఎక్కువసేపు ఆపలేవు. అది పడగానే గ్లౌజు మార్చాలి. అంచులు మూయడానికి వాడే గోళ్ళరంగు కూడా మంటకు దూరంగా ఉండాలి.

మూడవది వెలుగు. అతినీలలోహిత కిరణాలు కంటికి కనిపించవు గాని కంటిని దెబ్బతీస్తాయి. సూక్ష్మదర్శిని ముందున్న పసుపు రంగు అడ్డుపలకను తీసేసి చూడకూడదు. పాదరసపు దీపం ఉన్న చోట గంటల లెక్క రాసిపెట్టాలి. గడువు దాటితే అది పగలవచ్చు. ఆర్పాక పూర్తిగా చల్లబడేవరకు మళ్ళీ వెలిగించరాదు. రంగు చర్మం మీద పడితే వెంటనే సబ్బుతో కడగాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీటితో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గ్లౌజులతో తలుపు పిడిని, ఫోనును, రికార్డు పుస్తకాన్ని తాకకూడదు.

పేరు లేని మనిషి

ఇప్పుడు పొయ్యి రాజేసిన ఆ పనిమనిషి మాటకు వద్దాము. మనం గ్లౌజులు వేసుకుంటాము, కోటు వేసుకుంటాము. పని అయ్యాక చేతులు కడుక్కొని వెళ్ళిపోతాము. మనం వదిలిన వ్యర్థాలను తీసేది వేరొకరు. సింకులో ఒంపిన రంగు, చెత్తబుట్టలో పడేసిన పగిలిన కవర్ స్లిప్, మరక పడిన టిష్యూ, పేరు రాయని సీసా అన్నీ చివరికి ఆ చేతుల్లోకే పోతాయి. అవి ఎవరి చేతులు? మన ఊళ్ళో, మన వాడలో పుట్టినవారి చేతులు. మనలో ఎందరి తల్లులో, తండ్రులో ఇలా ఊడ్చి, కడిగి, మోసి మనల్ని ఇక్కడికి పంపారు. కవర్ స్లిప్ ముక్క గుచ్చుకుంటే ఆ తల్లి గుడ్డపీలిక కట్టుకొని మళ్ళీ పనిలో పడుతుంది. అందులో ఏముందో ఆమెకు తెలియదు.

కాబట్టి రంగు వ్యర్థాలను విడిగా ఒక సీసాలో పోయాలి. గాజుముక్కలను గుచ్చుకోని గట్టి డబ్బాలో వేయాలి. ప్రతి సీసా మీద పేరు, తేదీ, ప్రమాద సూచన తెలుగులోనూ రాయాలి. ఇంగ్లీషులో రాసిన హెచ్చరిక ఇంగ్లీషు చదవగలిగినవారినే కాపాడుతుంది. ఊడ్చే అక్కకు, సామాను కడిగే అన్నకు ఏ డబ్బా ముట్టుకోకూడదో నోటితో చెప్పాలి. వారికీ గ్లౌజులు ఇప్పించమని అధికారులను అడగాలి. ఈ పనికి ఖర్చు తక్కువ, తీరిక కావాలి అంతే.

ఏ రంగు దేనికి అంటుకుంటుందో తెలుసుకోవడానికి పాల్ ఎర్లిక్ ఒక జీవితకాలం ధారపోశారు. ఆ జ్ఞానం మన తరానికి ఊరికే అందింది. మన వసతి గృహం నుంచి రేపు ప్రయోగశాల మెట్లు ఎక్కబోయే తమ్ముళ్ళను, చెల్లెళ్ళను మేము కోరేది ఒక్కటే. రంగు మీ చేతికి అంటకుండా చూసుకోండి. మీ తర్వాత ఆ బల్ల తుడిచే చేతికి కూడా అంటకుండా చూడండి.